నిద్ర సరిగ్గ లేకుంటే కడుపుతో ఉన్నోళ్లకు షుగర్ వస్తదా?

ప్రశ్న: డాక్టరమ్మా, నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. మొదటి కాన్పు, ఇప్పుడు ఆరో నెల. ఇంట్లనే మిషన్ కుడత, పెండ్లిళ్ల సీజన్ కాబట్టి బ్లౌజులు అయ్యేసరికి రాత్రి పన్నెండు, ఒంటిగంట అయితది, పొద్దుగాల ఐదింటికే లేవాలె. పండుకున్నా గంటకోసారి మెలకువ వస్తుంది, కాళ్లు ఒకటే గుంజుతున్నయ్. గురక గూడ పెడుతున్ననట, మా ఆయన చెప్పిండు, ఇదివరకు లేకుండె. మధ్యాహ్నం జెరసేపు ఒరుగుదామంటే మా అత్తమ్మ 'కడుపుతోని పగలు పండుకోవద్దు' అంటది. మా అక్కకు కాన్పు టైంల షుగర్ వచ్చింది. నిద్ర లేక నాకూ వస్తదా?

జవాబు: చెల్లె, నిద్ర తక్కువైనోళ్లందరికి షుగర్ రాదు, ముందు ఆ భయం పక్కకు పెట్టు. గానీ రెండింటికి సంబంధమైతే ఉంది, అందుకే నువ్వు అడిగింది చిన్న మాట కాదు.

కడుపుతో ఉన్నప్పుడు మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగ్గ పని చెయ్యనియ్యవు, బిడ్డకు గ్లూకోజ్ అందాలె కదా, అందుకు. ఆరో నెల వచ్చేసరికి ఈ అడ్డం బాగ పెరుగుతది, తల్లి ఒంట్ల ఇన్సులిన్ ఎక్కువ తయారైతే సరిపాయె, కాకుంటే షుగర్ పెరుగుతది. దాని మీద నిద్ర గూడ లేకపోతే ఒంట్ల కార్టిసాల్ లాంటి స్ట్రెస్ హార్మోన్లు ఎక్కువై ఇన్సులిన్ పని ఇంకింత మందగిస్తది. 1999ల 11 మంది ఆరోగ్యంగ ఉన్న యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పండుకోనిచ్చి చూస్తే, ఆ కొద్ది రోజులకే వాళ్ల ఒళ్లు షుగర్‌ను సరిగ్గ వాడుకోలేకపోయింది. వాళ్లు మగపిల్లలు, కడుపుల బిడ్డ లేదు, మాయ లేదు, అయినా గట్లైంది. తర్వాత అమెరికాల మొదటి కాన్పు ఆడవాళ్లకు చేతికి వాచీ లాంటి మిషన్ కట్టి వారం రోజులు నిద్ర కొలిచిన్రు, ఏడు గంటల కన్నా తక్కువ పండుకున్నోళ్లల్ల, బాగ ఆలస్యంగ పండుకునేటోళ్లల్ల ఈ షుగర్ ఎక్కువ కనబడ్డది. నిద్రే కారణమని దీంతోని తేలిపోలేదు, బరువు, వయసు, ఇంట్ల షుగర్ ఉండుడు, ఇవన్ని కలిసే ఉంటయ్. మంచిగ పండుకుంటే షుగర్ రాదని గ్యారంటీ గూడ నేను ఇయ్యలేను.

నీ ఉత్తరంల నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది గురక. కొత్తగ మొదలైందంటున్నవ్ కదా. కొందరికి గురకతోపాటు నిద్రల ఊపిరి ఆగి ఆగి వస్తది, ఆక్సిజన్ తగ్గుతది, దానికి షుగర్‌తోనే కాదు బీపీతోని గూడ సంబంధం ఉంది. మన దగ్గర చెకప్‌ల గురక గురించి ఎవరూ చెప్పరు, సిగ్గు. నువ్వు చెప్పు, ఈసారి పోయినప్పుడు మీ ఆయన్ని గూడ తీసుకపో, నిద్రల ఊపిరి ఆగినట్టు ఉంటుందా, ఉలిక్కిపడి లేస్తున్నవా, అది చూసేది ఆయనే కదా.

కాళ్ల గుంజుడు పండుకోంగనే మొదలై, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుందంటే చాలామందికి ఐరన్ తక్కువై ఉంటది, రక్తం పరీక్ష అడుగు. ఐరన్ గోలీ చాయ్‌తోని మాత్రం వేసుకోకు, చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనియ్యదు, నిమ్మకాయ నీళ్లతోని వేసుకో. నిద్ర గోలీలు మెడికల్ షాపుల అడిగి తెచ్చుకోవద్దు.

ఇగ షుగర్ పరీక్ష. అక్కకు వచ్చింది కాబట్టి నీకు అవకాశం కొంచెం ఎక్కువే, నిద్ర సంగతి ఎట్లున్నా ఇది తప్పనిసరి. మొదటి చెకప్‌ల ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి చెయ్యాలె, నీకు సరిగ్గ ఇదే టైం. మీ పీహెచ్‌సీల ఏఎన్ఎమ్మును అడుగు. తిని పోయినా ఫర్వాలేదు, 75 గ్రాముల గ్లూకోజ్ గ్లాసెడు పైన నీళ్లల్ల కలిపి ఇస్తరు, ఐదు పది నిమిషాలల్ల తాగాలె. తియ్యగ ఉండి కడుపుల తిప్పుతది, చిన్నగ గుటకలేసుకుంట తాగు, అరగంట లోపల వాంతి అయితే మరునాడు మళ్ల చేస్తరు. రెండు గంటలకు రక్తం తీసి చూస్తే 140 గాని, అంతకంటే ఎక్కువ గాని ఉంటే షుగర్ ఉన్నట్టే.

ఇది మీ అత్తమ్మకు చదివి వినిపించు. అమ్మా, కోడలు రాత్రి నాలుగు గంటలే పండుకుంటుంది, కడుపుల మీ మనుమడో మనుమరాలో ఉన్నరు, మధ్యాహ్నం అరగంట ఒరిగితే బిడ్డకు ఏం కాదు, ఆమెను పండుకోనియ్యండి. పొద్దుగాల ఐదింటి పని ఇంట్ల ఇంకెవరన్న అందుకుంటే ఇంకా మంచిది. నువ్వు గూడ చెల్లె, రాత్రి పది దాటినంక మిషన్ మీద గుడ్డ కప్పేయ్, బ్లౌజు రెండు రోజులు ఆలస్యమైతదని గిరాకీలకు ముందే చెప్పు. ఏడో నెల నుంచి పక్కకు తిరిగి పండుకో, ఎడమైనా కుడైనా సరే, మెలకువ వచ్చేసరికి వెల్లకిల ఉంటే కంగారు పడకు, మళ్ల తిరుగు.

ప్రశ్న: హనుమకొండ నుంచి. నాకు షుగర్ ఉందని తేలింది, డైట్ మీద ఉన్న. నిద్ర పట్టని రాత్రి తెల్లారి పరగడుపున 100, 102 చూపిస్తుంది. నిద్ర వల్లనేనా?

జవాబు: నిద్ర వల్ల కొంత పెరగొచ్చమ్మా, గానీ నిద్ర మీద నెట్టేసి ఊకోవద్దు. పరగడుపున 95 లోపల, తిన్న రెండు గంటలకు 120 లోపల ఉండాలె. రెండు మూడు సార్లు దాటితే నంబర్లన్ని రాసుకుని డాక్టర్‌కు చూపించు. రాత్రి తిండి బంద్ చేస్తే తగ్గుతదని కొందరు ఉపాసం ఉంటరు, అది తప్పు. ఇన్సులిన్ రాస్తే భయపడకు, అది మాయ దాటి బిడ్డకు పోదు. కాన్పయినంక ఆరు వారాలకు మళ్ల షుగర్ పరీక్ష ఉంటది, బిడ్డకు ఆరు వారాల టీకాలు గూడ అప్పుడే కదా, అదే రోజు నీది గూడ చేయించుకునిరా.