సర్వే డేటా చూసుకోవడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది మక్తల్. మా అమ్మాయి మహబూబ్‌నగర్‌లో స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ చివరి ఏడాది చదువుతోంది. సెలవుల్లో ఒక ఆరోగ్య సర్వేలో పనిచేసింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కోచింగ్ వద్దు, పరిశోధన డేటా నిర్వహణలోకి వెళ్తానంటోంది. అందులో భవిష్యత్తు ఉంటుందా? – ఒక తండ్రి

జవాబు: ఉంటుందండీ. అయితే చాలామంది దాన్ని టైపింగ్ పని అనుకుంటారు. అసలు పనేమిటో చెప్తాను.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి ఇథియోపియా, పెరూ, వియత్నాం, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు 12 వేల మంది పిల్లల ఎదుగుదలను గమనిస్తోంది. అందులో మీ పాలమూరు కూడా ఉంది. ఏడాది వయసులో తూకం వేసిన పాప ఇరవై ఏళ్లకు కలిస్తే, ఇద్దరూ ఒకరేనని రికార్డు చెప్పగలగాలి. ఈలోగా కుటుంబం వలస పోయి ఉండొచ్చు, పెళ్లయి ఇంటిపేరు మారి ఉండొచ్చు. ఊరు కదలకపోయినా జిల్లా మారింది. 2016లో పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి, 2019లో మీ నారాయణపేట. రికార్డులో జిల్లాకిచ్చిన పాత కోడ్ చెరిపి కొత్తది వేస్తే వెనకటి విడతల సర్వేలతో పోల్చలేం. రెండూ ఉంచి, ఏది ఎప్పటినుంచి చెల్లుతుందో రాసిపెట్టాలి.

దేశాలు కలిస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఇథియోపియా క్యాలెండర్‌లో 13 నెలలు, పైగా మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది. ఆ పుట్టినతేదీల్ని మార్చకుండా కలిపేస్తే వయసుకు తగ్గ ఎత్తు లెక్కలన్నీ తలకిందులవుతాయి. పెరూలో ఒకరికి రెండు ఇంటిపేర్లు, ఇథియోపియాలో అసలు ఇంటిపేరే లేకుండా తండ్రి పేరు పక్కన చేరుతుంది. మన ఊళ్లలో వయసడిగితే నలభై అంటారు, నలభై అయిదు అంటారు, నలభై మూడని చెప్పేవాళ్లు తక్కువ. సర్వేలో ఇల్లిల్లూ తిరిగిన మీ అమ్మాయికి ఇది తెలిసే ఉంటుంది. కోచింగ్ సెంటర్‌లో దొరకని బలం అదే.

గోప్యత గురించి మరీ గట్టిగా చెప్తాను. నల్లగొండ ఫ్లోరోసిస్ గ్రామం ఒకటి తీసుకోండి. పేరు తీసేసినా ఊరు, వయసు, వైకల్యం కలిపి బయటపెడితే ఆ మనిషెవరో చుట్టుపక్కలంతా గుర్తుపడతారు. అందుకే పేర్లు ఒకచోట, ఆరోగ్య వివరాలు వేరొకచోట తాళం వేసి ఉంచుతారు. చిన్నప్పుడు తల్లిదండ్రులిచ్చిన సమ్మతితో సరిపెట్టకుండా, 18 నిండాక ఆ పిల్లల్నే మళ్లీ అడగాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెప్తున్నాయి.

చదువుకు ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్‌లో బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు), డెమోగ్రఫీ (జనాభా శాస్త్రం) ఎమ్మెస్సీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) మంచి దారులు. గణాంకాల విశ్లేషణకు వాడే ‘ఆర్’, డేటాబేస్‌లకు వాడే ‘ఎస్‌క్యూఎల్’ అనే కంప్యూటర్ భాషలు నేర్చుకోవాలి. ఇబ్బంది కూడా దాచను: తొలి ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. రెండు మూడేళ్లకోసారి చోటు మారాల్సి రావొచ్చు. ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఫీజు కట్టేముందు ఒక పని చేయించండి. ఫోన్‌లో సర్వే వివరాలు నింపే ఓడీకే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో పది ఇళ్లకు సరిపడా ఒక ఫారం తయారుచేసి, ప్రతి ప్రశ్నకూ కోడ్‌బుక్ (ఏ జవాబుకు ఏ కోడ్, దాని అర్థమేంటో చెప్పే పట్టిక) రాయమనండి. కోడ్‌బుక్ రాయడం విసుగనిపించకపోతే దరఖాస్తు పెట్టించండి.