స్వాతికి, 718 అనే నికెల్ మిశ్రలోహం గురించి

చిరంజీవి స్వాతికి మామయ్య ఆశీస్సులు.

రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. బెంగళూరులో టర్బైన్ల కంపెనీలో చేరుతున్నావట, ఎక్కువ వేడి తట్టుకునే నికెల్ మిశ్రలోహాల బలం లెక్కలు పోగుచేయడం నీ మొదటి పనట. ఛాతీ ఉప్పొంగింది. తర్వాత తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. తయారీదారుల కరపత్రాల్లో ఉండేవి ఎక్కువగా సగటు విలువలు, వాటితో డిజైను చేయకు. విమాన లోహాల బలాల ప్రామాణిక పుస్తకం ఎంఎంపీడీఎస్‌లో ఏ-విలువ తీసుకో: నూటికి 99 ముక్కలు దానికి తగ్గవని 95 శాతం నమ్మకంతో చెప్పే సంఖ్య అది. క్రీప్ కోసం, అంటే వేడిలో బరువు మోస్తూ లోహం మెల్లగా సాగడం కోసం, జపాన్ లోహ పరిశోధన సంస్థ నిమ్స్ డేటాషీట్లు చూడు, ఏ పోతకు ఎంత రసాయన కూర్పో కూడా రాసి ఉంటుంది. వెయ్యి గంటల పరీక్ష పట్టుకుని లక్ష గంటలకు గీత లాగావంటే ఊరుకోను. నేనైతే మూడు రెట్లు దాటను. నాలుగు చోట్ల ఒకే సంఖ్య కనబడితే సంబరపడకు, నాలుగూ ఒకే చోటు నుంచి ఎత్తి రాసినవి కావచ్చు.

ఇక అసలు మాట. నీ వయసులో నేను ఇక్కడే ఒక పరీక్షశాలలో 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేసే బోల్టులకు ఇన్‌కొనెల్ 718 ఎంచాను. స్టోర్లో ఉన్న కడ్డీలను 1065 డిగ్రీల దగ్గర కాచి, తర్వాత ఏజింగ్ చేశారు, అంటే తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచి గట్టిపరిచారు. పట్టికలో స్ట్రెస్ రప్చర్ సంఖ్య, అంటే వేడిలో బరువు మోస్తూ ఎంతకాలానికి తెగుతుందో చెప్పేది, బాగుంది, రాసేసుకున్నాను. అది గాటు లేని నునుపు నమూనాల సంఖ్య అని పైనే రాసి ఉంది. బోల్టుకు మర ఉంటుంది, మర అంటే గాటే కదా తల్లీ!

తొమ్మిదో రాత్రి బోల్టు తెగింది. బోల్టు తల చేతిలోకి తీసుకుని చూశాను. మొదటి మర దగ్గర విరిగిన చోట లోహం సాగిన జాడే లేదు, పటికబెల్లం పగలగొట్టినట్టు గరుకుగా మెరుస్తోంది. హెల్పరు కుర్రాడు అయిదు నిమిషాల ముందే టీకి వెళ్లాడు. అతను అక్కడే ఉండి ఉంటే? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

తర్వాత తెలుసుకున్నాను. 955 దగ్గర కాస్తే లోహంలోని స్ఫటిక రేణువులు సన్నగా ఉంటాయి, వాటి అంచుల్లో డెల్టా అనే నికెల్-నయోబియం సమ్మేళనం కొంత మిగిలి గాటు దగ్గర కాపాడుతుంది. 1065 దగ్గర డెల్టా కరిగిపోతుంది, రేణువులు పెరుగుతాయి. దెబ్బను తట్టుకునే గుణం బాగుంటుంది కానీ, వేడిలో ఎక్కువకాలం బరువు మోసేటప్పుడు గాటు దగ్గర పెళుసవుతుంది. పేరు ఒకటే, 718. లోహాలు రెండు అనుకో. అందుకే సంఖ్య పక్కన ఎలా కాచారో, కడ్డీయా రేకా, గాటు ఉందా లేదా అన్నది రాయకుండా ఒక్క విలువ కూడా నీ పట్టికలోకి ఎక్కకూడదు. వట్టి సంఖ్య రాశావని తెలిస్తే నీ ఆఫీసుకే వచ్చి తిడతాను.

చిన్నప్పుడు మా ఇంట్లో కుంపటి ముట్టుకుని చెయ్యి కాల్చుకున్నావు, గుర్తుందా? వెన్న రాస్తూ నీకంటే నేనే ఎక్కువ ఏడ్చాను.

ఏ భాగం, ఎంత వేడి, ఎన్ని గంటలు, ఈ మూడూ రాసి పంపు. ఆదివారం మల్లేశ్వరం రా, నా పాత నోటుబుక్కులు ముందేసుకుని ఇద్దరం కూర్చుందాం. మీ అత్తయ్య పులిహోర చేస్తానంటోంది.

మీ మామయ్య