లాకులకూ లాగడానికీ చుట్టరికం ఉందా?

సందేహం: మాది గోదావరి డెల్టాలో కాలువగట్టు ఊరు. ఊరి చివర ‘లాకులు’ ఉన్నాయి. పూర్వం పడవల్ని తాళ్లతో లాగేవారనీ, ఆ ‘లాగు’ నుంచే ‘లాకు’ వచ్చిందనీ మా తాతగారు చెప్పేవారు. నిజమేనా? ఉన్నది ఒక్కటే అయినా ‘లాకులు’ అని బహువచనం ఎందుకు? ‘నీటిమెట్టు’ అంటే బాగుంటుందా?

సమాధానం: మీ తాతగారి ఊహను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆడు–ఆట, పాడు–పాట, తూగు–తూకం ఉన్నాయి కదా, లాగు–లాకు ఎందుకు కాకూడదు? గాలి కలిసిరానప్పుడు పడవల్ని గట్టుమీద నడుస్తూ తాళ్లతో లాగిన మాటా వాస్తవమే. అయితే ఆ లాగుడు గట్టు పొడుగునా సాగేది. పేరేమో తలుపులున్న కట్టడానికే అంటుకుంది. చిక్కు అక్కడుంది.

ఈ మాట ఇంగ్లీషు ‘లాక్’. కాలేజీ, ఆఫీసుల్లో లాగే ఇక్కడా మనకు దీర్ఘం వినిపించింది, చివర ఉకారం చేరింది. లాకప్పు, లాకరు దీని తోబుట్టువులే. ధవళేశ్వరం ఆనకట్ట (1847–52) నుంచి తీసిన ప్రధాన కాలువలను కాటన్ దొర సాగుకే కాక పడవలకూ పనికొచ్చేలా కట్టించాడు. కాలువ మట్టం దిగిపోయే చోట పడవ దూకలేదు. అందుకని కాలువకు అడ్డంగా ఎగువన ఒకటి, దిగువన ఒకటి తలుపులు పెట్టి, మధ్యలో గదిలాంటి జాగా ఉంచారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, తూముల గుండా నీటిని వదులుతారు. గదిలో నీరు దిగువ మట్టానికి వచ్చాక ముందు తలుపులు తీస్తారు. ఎగువకు వెళ్లే పడవకు ఇదే తిరగేసి. నీటిని తలుపులేసి బంధించడమే కనుక ఆ పేరు.

తలుపులు రెండుచోట్ల ఉండబట్టి జనం నోట బహువచనం నిలిచిందని నా అభిప్రాయం. లొల్ల లాకులు, విజ్జేశ్వరం లాకులు అంటాం గానీ లొల్ల లాకు అనం. పడవలు పోయాక మాట అర్థం కూడా పక్కకు జరిగింది. ‘లాకులెత్తారు’ అంటే ఇప్పుడు కాలువకు నీళ్లొదిలారని. నిజానికి ఎత్తేవి పక్కనున్న రెగ్యులేటరు (నీటిని అదుపుచేసే కట్టడం) షట్టర్లు. పాత లాకు తలుపులు పక్కకు తెరుచుకునేవి.

పూర్తిగా పడవలకోసమే తలపెట్టిన పనీ ఒకటుంది. మధ్యభారతపు పత్తిని గోదావరి మీదుగా తీరానికి చేర్చాలని, రాళ్లు అడ్డుపడే చోట్లను తప్పించేలా ఆనకట్టలు, పక్క కాలువలు, లాకులు తలపెట్టారు. భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం ఆనకట్ట అలా వచ్చిందే. ఖర్చు పెరిగి, 1871లో ఆ పథకాన్ని వదిలేశారు.

అరువు ఒకవైపే సాగలేదు. కావేరి కట్టడాలు చూసి పని నేర్చుకున్న ఇంగ్లీషు ఇంజనీర్లు తమిళుల ‘అణైక్కట్టు’ను ‘ఆనికట్’గా తమ భాషలో కలిపేసుకున్నారు. మన ‘ఆనకట్ట’ దానికి చుట్టమే.

‘నీటిమెట్టు’ ముచ్చటగా ఉంది, పిల్లలకు ఆ కట్టడం ఎలా పనిచేస్తుందో చెప్పేటప్పుడు వాడండి. బస్సు దిగేటప్పుడు మాత్రం కండక్టరుతో ‘లాకుల దగ్గర ఆపండి’ అనే అనండి.