ఆముదంతో ఫోమ్ చేయొచ్చా అంటే, నిక్షేపంగా చేయొచ్చు

"మొక్కల నూనెలతో ప్లాస్టిక్, ఫోమ్ చేస్తున్నారంటారు, నిజమేనా లేక ఉత్త ప్రచారమా?" అని అడిగారు. నిజమే. మాది పాలమూరు, ఇంట్లో ఆముదాలు పండించినవాళ్లం, ఇప్పుడు ఫోమ్ యూనిట్‌లో పని చేస్తున్నాను, కాబట్టి ఆముదం గురించే చెప్తాను.

సోయా నూనెతోనూ చేస్తారు, 2008 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ సీట్లలో ఆ ఫోమ్ వాడారు. కానీ సోయాకి హైడ్రాక్సిల్‌ని, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటని, మనం రసాయనాలతో తగిలించాలి. ఆముదానికి ఆ తంటా లేదు, అందులో 85-90 శాతం ఉండే రిసినోలియిక్ ఆమ్లానికి అది పుట్టుకతోనే ఉంటుంది. దాన్ని ఐసోసయనేట్ అనే రసాయనం పట్టుకుంటే పాలియూరిథేన్, అంటే ఫోమ్ చేసే ప్లాస్టిక్, అయినట్టే.

కప్ టెస్ట్ చూస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. పేపర్ కప్పులో ఆముదం, బుడగలు నిలబెట్టే సిలికాన్ కాస్త, చర్యని వేగం చేసే క్యాటలిస్ట్, కొన్ని చుక్కల నీళ్లు కలిపి, పైన ముదురు గోధుమరంగు ఐసోసయనేట్ పోసి గిలకొడితే ముందు పాలు కలిపిన టీ రంగుకి తిరుగుతుంది, తర్వాత అంచు దాటి పైకి లేస్తుంది, కప్పు పట్టుకోలేనంత వేడెక్కుతుంది. నీళ్లు ఐసోసయనేట్‌తో కలిసి విడుదల చేసే కార్బన్ డయాక్సైడే దాన్ని పొంగిస్తుంది. అందుకే తేమ అంటే మాకు టెన్షన్. ఓసారి వానాకాలంలో ఒక సప్లయర్ మూత వదులుగా ఉన్న ఆముదం డ్రమ్ము పంపాడు, ఫోమ్ ఎగదన్నినట్టు లేచి, నడుమ పెద్ద బొరియలు పడి, చూస్తుండగానే కూలిపోయింది. నూనె మంచిదే, నిర్లక్ష్యం వాళ్లది, చెడ్డపేరు మాత్రం ఆముదానికి!

మొక్క నుంచి వచ్చింది కాబట్టి మట్టిలో కలిసిపోతుందని చెప్పి అమ్మేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఆముదం నుంచి తీసే నైలాన్-11 అనే ప్లాస్టిక్‌తో బండ్లకి ఇంధన గొట్టాలు చేస్తారు, మన్నిక ఉంటుందనే కదా వాడేది! ఫోమ్‌లో పడే ఐసోసయనేట్ కూడా పెట్రోలియం సరుకే. ఉన్నదున్నట్టు చెప్పినా కొనేవాళ్లు కొంటారు.

నా అసలు బాధ వేరే. మా వైపు ఆముదం వానమీద ఆధారం, గెల వేసే టైములో ముసురు పట్టిందా, బూజు తెగులు వచ్చి కాయ కుళ్లుతుంది. మిగిలిన గింజ దళారికి పోతుంది. గుజరాత్ వాళ్లు నీళ్లు పెట్టి పండిస్తారు, గింజ ఆడించి నూనె నుంచి రకరకాల రసాయనాలు తీసేదీ అక్కడే. మా వైపే ఉన్న పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం మంచి విత్తనాలు ఇచ్చింది, సంతోషం. నూనె తీసి, తేమ తగ్గించి, ఫోమ్‌కి పనికొచ్చేలా చేసే చిన్న యూనిట్లు కూడా పాలమూరులోనే పెట్టాలి, సబ్సిడీ ఏదైనా ఉంటే ముందు వాటికే ఇవ్వాలి.