కళింగ ఘాట్ రోడ్డు వేసింది సైన్యం కోసమా, పసుపు వ్యాపారం కోసమా?

బరంపురం నుంచి అస్కా, భంజనగర్ మీదుగా కళింగ ఘాట్ ఎక్కి ఫుల్బణి చేరే రోడ్డు యుద్ధం కోసం పుట్టిందా, వ్యాపారం కోసం పుట్టిందా అని మీరు అడిగారు. బరంపురంలో తాతగారి కాలం నుంచి మాది పసుపు, చింతపండు కమీషన్ కొట్టు కావడంతో, ఆ కొండ మీది సంతలకు నాన్నగారి వెంట చిన్నప్పటి నుంచి తిరిగాను. నాకు తెలిసినంతలో, ఆ దారిని పట్టుబట్టి తెరిపించింది సైన్యమే గాని, దాన్ని మూతపడకుండా నిలిపింది మాత్రం ఉప్పూ పసుపూ.

ఘాట్ కింది ఘుముసర జమీందారు ధనంజయ భంజ పేష్కషు (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయి పడ్డాడని 1835లో కంపెనీవారు జమీందారీని స్వాధీనం చేసుకోగా, ఆయన ఘాట్ల పైన కోందులనే కొండజాతి వారి నాడుకు తరలిపోయి, ఆ ఏడాది చివరలో అక్కడే కన్నుమూశాడు. తన కుటుంబాన్ని కాపాడతామని కోందులు ఆయనకు మాట ఇచ్చారు. మరుసటి ఏడాది ఆయన ఇంటి స్త్రీలను బందీలుగా కిందికి దింపుతున్న దళం మీద వారు విరుచుకుపడి, సిపాయిలతో పాటు ఇద్దరు ఆంగ్ల అధికారులను కూడా చంపారంటే, ఆ మాటను వారు ఎంత గట్టిగా పట్టుకున్నారో అర్థమవుతుంది. దరిమిలా కంపెనీ అధికారి రస్సెల్ దొర నడిపిన దండయాత్రలో ఊళ్ళు తగలబడ్డాయి, ఎందరినో ఉరితీశారు. కొండజ్వరం సైనికులనూ వదల్లేదు. కోందుల నాయకుడు దొర బిసోయి 1837లో పట్టుబడి, మన గుత్తిలో రాజకీయ ఖైదీగా ఉండి 1846లో మరణించాడు. ఘాట్ కింది నువాగాం రస్సెల్ దొర పేరిటే రస్సెల్‌కొండ అయింది. కవి ఉపేంద్ర భంజ పేరిట అది భంజనగర్ అయింది తరువాతి కాలంలోనే.

నరబలిని మాన్పించడానికి 1845లో ఏర్పడిన మెరియా ఏజెన్సీ (మెరియా అంటే బలికి ఉంచిన మనిషి) 1861 వరకు పనిచేసింది. ఆ ఏళ్ళలో అధికారులు దళాలతో ఘాట్లు ఎక్కుతూనే ఉన్నారు. దారులు వేసి సంతలు పెట్టిస్తే కొండవారు మైదానంతో కలుస్తారన్న ఆలోచన బలపడింది కూడా అప్పుడే. అయితే కొండలతో వ్యాపారం కొత్త సంగతేమీ కాదు, ఎందుకంటే గంజాం తీరపు ఉప్పును బంజారాలు ఎద్దుల మీద వేసుకొని ఆ కొండల గుండా లోపలి నాడులకు అంతకు ముందు నుంచే తోలుకుపోతుండేవారు.

ఇంకొక విషయం చాలామంది గమనించరు. ఘాట్ పైన జి. ఉదయగిరి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండగా, 1855లో బౌధ్ నుంచి కంపెనీ తీసుకున్న ఖోంద్‌మాల్, అంటే ఫుల్బణి వైపు, మొదట బెంగాల్ పాలనలో, 1912 నుంచి బీహార్-ఒరిస్సా పాలనలో ఉండేది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ఒక్క రోడ్డూ రెండు ప్రభుత్వాల సరిహద్దును దాటేది.

నేను చూసిన రోజుల్లో లారీలు ఉప్పు, ఎండుచేపలు, బట్టలు ఎక్కించుకొని పైకి వెళ్ళి, పసుపు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లతో దిగేవి. కోందు స్త్రీలు తెల్లవారకముందే బయలుదేరి తలమీద పసుపు మోసుకొని సంతకు వచ్చేవారు. ధర మాత్రం ముందుగానే అప్పు ఇచ్చిన వర్తకుడే చెప్పేవాడు, మానికతో కొలిచేదీ అతడే. రోడ్డు వల్ల కొండకు మేలు జరిగిందని మా బజారులో ఎవరైనా అంటే నేను పూర్తిగా ఒప్పుకోలేను; పండించినవారి చేతికి అందింది చాలా తక్కువ.

ఇప్పుడు ఆ రోడ్డులో ఘాట్ భాగం 157వ జాతీయ రహదారి. ఫుల్బణి కేంద్రంగా ఉన్న కంధమాల్ జిల్లా పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడి రైతుల సమాఖ్య పసుపు సేకరించి నేరుగా బయటి కొనుగోలుదారులకు అమ్ముతుండటంతో, ఆ సరుకు బరంపురం కొట్లకు రావలసిన పని లేదు. మా వ్యాపారానికి అది కొంత నష్టమే అయినా, ధర కొండ మీదనే తేలడం న్యాయమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.