గంటకు పది నిమిషాలు ముందుకు పరిగెత్తే వాచీ

ప్రశ్న: పాత కీ వాచీ ఒకటి కొన్నాను. గంటకు పది నిమిషాలు ముందుకు పోతోంది. వేగం సరిచేసే రెగ్యులేటర్ ముల్లు పూర్తిగా స్లో వైపు జరిపినా తగ్గలేదు. హెయిర్‌స్ప్రింగ్ (లోపలి సన్నని చుట్ల స్ప్రింగు) మార్చాలా?

జవాబు: తొందరపడకండి. రెగ్యులేటర్ సరిదిద్దేది రోజుకు కొన్ని నిమిషాలే, దాన్ని మళ్లీ మధ్యకు తెచ్చేయండి. ఇంత పరుగు ఉందంటే చాలావరకు హెయిర్‌స్ప్రింగ్ చుట్లు అంటుకుంటున్నట్టే. పనిచేసే పొడవు తగ్గేసరికి, వాచీ వేగాన్ని నిర్ణయించే బ్యాలెన్స్ చక్రం త్వరత్వరగా ఊగుతుంది.

చుట్లు అంటుకోవడానికి కారణం అయస్కాంతమో నూనో తేల్చడానికి, వాచీ మీద చిన్న దిక్సూచి పెట్టండి. ముల్లు వణికితే అయస్కాంతం పట్టినట్టు. డీమాగ్నెటైజర్ (అయస్కాంతత్వం తీసేసే పరికరం) మీట నొక్కి ఉంచి, వాచీని మెల్లగా 30 సెంటీమీటర్లు దూరం జరిపాకే మీట వదలండి. దగ్గరుండగా వదిలితే మళ్లీ పట్టేస్తుంది.

దిక్సూచి ముల్లు కదలకపోతే లూప్‌తో (కంటికి పెట్టుకునే భూతద్దం) చుట్లు చూడండి, తడి మెరుపు ఉంటే నూనె. ధారాళంగా నూనె వేసే చేతుల పని అది. ముందు కీ పూర్తిగా వదిలించి, బ్యాలెన్స్‌ను దాన్ని పట్టి ఉంచే బ్రిడ్జితో సహా తీసి, లైటర్ పెట్రోల్‌లో రెండుసార్లు ముంచి ఆరబెట్టండి (నిప్పుకు దూరంగా, వేరే చెప్పాలా!). స్పిరిట్ మాత్రం వద్దు. బ్యాలెన్స్ మీదుండే చిన్న ఇంపల్స్ రాయిని పట్టి ఉంచే లక్క అందులో కరిగి, రాయి ఊడిపోతుంది. ఈ కడుగుడుకు బ్యాలెన్స్ ఇరుసు తిరిగే పైరాయిలో నూనె కూడా పోతుంది, అక్కడ సూదిమొన మీద నిలిచేంత కొత్త చుక్క వేయాలి.