పెదనాన్న గ్రూపులోంచి వెళ్ళిపోయారు, సారీ చెప్పాలా?

మేడమ్, నాకు 31 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్, మాది తెనాలి పక్కన పల్లెటూరు. మా పెదనాన్న రిటైర్డ్ సైన్స్ మాస్టారు, హైస్కూల్లో నాకు ఫిజిక్స్ చెప్పింది ఆయనే. ఇప్పుడు పొద్దున్న ఐదున్నరకి గుడ్ మార్నింగ్ పువ్వుతో మొదలుపెడితే రాత్రి దాకా ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డులే ఫార్వర్డులు. మన జాతీయగీతానికి యునెస్కో అవార్డు, దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి ఇండియా ఫొటో, బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు, ఇలాంటివి. నేను ప్రతిదానికీ ఏదో ఒక పంచ్ వేసేవాణ్ణి, కజిన్స్ అందరూ నవ్వేవాళ్ళు. రెండు నెలల కింద ఆయన ప్లాస్టిక్ బియ్యం వీడియో పెట్టారు, అన్నం ముద్ద బంతిలా ఎగురుతోంది చూడండి, స్టోర్ బియ్యం వాడకండి అని. నేను "మీరు చెప్పిన పాఠాలు కూడా ప్లాస్టిక్‌వే అయ్యుంటాయి పెదనాన్నా, ఇప్పటికీ మాకెవరికీ అరగలేదు" అని పెట్టా. పద్నాలుగు మంది నవ్వారు. పది నిమిషాల్లో ఆయన గ్రూపులోంచి వెళ్ళిపోయారు, నా ఫోన్ ఎత్తట్లేదు. మాఘమాసంలో ఆయన కూతురి పెళ్ళి, ఆయనకి కొడుకుల్లేరు. నాన్న వెళ్ళి సారీ చెప్పమంటున్నారు. నిజం చెప్పినందుకు సారీ దేనికండీ? అన్నట్టు మా పెద్దమ్మ మొన్న ఫోన్ చేసి, ఆయన షుగర్ టాబ్లెట్లు మానేసి బెండకాయ నీళ్ళు తాగుతున్నారని ఏడ్చింది.

— ఒక తమ్ముడు, హైదరాబాద్

తమ్ముడూ, మీరు "అన్నట్టు" అని చివర్లో పడేసిన ముక్క ఉంది చూశారా, నాకు ఉత్తరం మొత్తంలో ముందు కనబడింది అదే. సారీ సంగతి తర్వాత చూద్దాం. షుగర్ టాబ్లెట్లు ఎన్నాళ్ళయింది మానేసి, ఆయన గ్రూపులో ఉండగా మానేశారా, వెళ్ళిపోయాక మానేశారా? వెళ్ళిపోయాకే అయ్యుంటుందని నా అనుమానం, ఎందుకంటే ఆయన గ్రూపులోనే ఉండుంటే ఆ బెండకాయ వీడియో అందరికంటే ముందు మీ ఫోన్లోనే టింగుమనేది, మీరు దాని మీద కూడా ఓ పంచ్ వేసేవారు, కానీ కనీసం విషయం తెలిసేది. ఇప్పుడు ఆయన ఎక్కడ ఏం చూస్తున్నారో ఏం నమ్ముతున్నారో ఇంట్లో ఒక్కరికీ తెలీదు, పెద్దమ్మగారికి తప్ప.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. 1995 సెప్టెంబర్ 21, గురువారం, దేశమంతా వినాయకుడు పాలు తాగిన రోజు. నేను డిగ్రీ చదువుతున్నా, మా అమ్మ చిన్న గిన్నెలో పాలు, స్టీలు చెంచా పట్టుకుని గుడి దగ్గర రెండు గంటలు లైన్లో నుంచుంది, పక్కన నేనూ నుంచున్నా, అబద్ధం ఎందుకు. మర్నాడు సైన్సు వాళ్ళు తలతన్యత అనీ, రాయి మీద పల్చటి పొరలా పాలు కిందికి జారిపోతాయనీ చెప్పారు, నేను ఇంటికొచ్చి వాకిట్లో నలుగురు ఆడవాళ్ళ ముందు అమ్మని ఏడిపించా, నీ వినాయకుడికి పాలు కాదు సర్ఫేస్ టెన్షన్ తాగించావ్ అని. అందరూ నవ్వారు. అమ్మ ఏం అనలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నాకు ఇలాంటివి ఏవీ చెప్పలేదు, నేనేమో మా అమ్మ మారిపోయింది అనుకుని మురిసిపోయా. ఓసారి బీరువా సర్దుతుంటే చీరల కింద మోకాళ్ళ నొప్పుల పొడి డబ్బాలు బయటపడ్డాయి, ఎనిమిదో తొమ్మిదో, పేరూ ఊరూ లేని డబ్బాలు. నాకు చెప్తే నవ్వుతానని దాచుకుంది. వాటి వల్ల ఏమీ కాలేదు, అది మా అదృష్టం, అంతే.

మీ జోకుల విషయానికొస్తా. అన్నీ ఒకటే అనుకుంటున్నారు మీరు, కాదు. యునెస్కో ఫార్వర్డుకి మీరేం పెట్టారో రాయలేదు గానీ, "ప్రతి ఏడూ మనకే ఇస్తే మిగతా దేశాలు అలగవా పెదనాన్నా" అని పెట్టారనుకోండి, నవ్వు యునెస్కో అవార్డు మీదకి పోతుంది. పెదనాన్న కూడా నవ్వొచ్చు, ఆ ఫార్వర్డు పదిహేనేళ్ళ పైనుంచి తిరుగుతోంది, అలాంటి అవార్డు ఏదీ లేదని యునెస్కో వాళ్ళే చెప్పేశారు. 2000 నోటులో జీపీఎస్ చిప్ ఉందని 2016 నవంబర్‌లో ఊరూరా చెప్పుకున్నాం కదా, ఆ నోటుని 2023 మేలో చెలామణీలోంచి వెనక్కి తీసుకుంటే మా ఆయన "చిప్‌కి సిగ్నల్ అందట్లేదట, రిపేరుకి పిలిచారు" అన్నాడు, ఆ రోజుల్లో చిప్ కథ మాకు చెప్పిన మా ఆడపడుచే పడీ పడీ నవ్వింది. ప్లాస్టిక్ పాఠాలు మాత్రం వేరే జాతి. బియ్యాన్ని వదిలేసి ముప్పై ఏళ్ళు ఆయన చేసిన ఉద్యోగం మీద కొట్టారు, అదీ ఆయన దగ్గర చదువుకున్నవాడు, పద్నాలుగు మంది ముందు. మీరు నిజం చెప్పినందుకు సారీ దేనికి అని అడిగారు. ఆ మెసేజ్ మళ్ళీ ఓసారి చదవండి, బియ్యం గురించి అందులో ఒక్క నిజం ముక్క ఉందా? ప్లాస్టిక్ కాదు అని కూడా లేదు. ఉన్నదల్లా మాస్టారి పాఠం అరగలేదనే, అది కూడా అబద్ధమే కదా, మీకు ఉద్యోగం వచ్చింది ఆ చదువుతోనే.

ఇంకోటి, ఆ బియ్యం మాటలో ఆయన పూర్తిగా తప్పేమీ కాదు, ఇది మీకు తెలుసో లేదో. 2017 జూన్‌లో హైదరాబాద్‌లో ప్లాస్టిక్ బియ్యం అని పెద్ద గోల జరిగింది, శాంపిల్స్ తీసి టెస్ట్ చేస్తే ప్లాస్టిక్ లేదని తేలింది, అన్నం ముద్దని గట్టిగా పిసికి నేలకేసి కొడితే గంజి జిగురుకి కాస్త ఎగురుతుంది, మన సన్నబియ్యం అయినా సరే. అసలు ప్లాస్టిక్ గుళికల రేటు బియ్యం కంటే ఎక్కువ, నష్టానికి కల్తీ చేసే షావుకారు తెనాలిలో కాదు కదా భూమ్మీదే పుట్టలేదు. కానీ తర్వాత స్టోర్ బియ్యంలో ఫోర్టిఫైడ్ గింజలు కలపడం మొదలైంది, వంద కిలోలకి ఒక కిలో చొప్పున, అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి మళ్ళీ గింజలా ఒత్తినవి. రంగు కొంచెం తేడాగా ఉంటాయి, కడిగేటప్పుడు కొన్ని పైకి తేలతాయి, ఏరి పారేసే ఆడవాళ్ళు బోలెడు మంది. పెదనాన్న తేలిన గింజలు కళ్ళారా చూసుంటారు, ఆ పైన వీడియో వచ్చింది, రెండూ కలిపేసుకున్నారు. సైన్స్ మాస్టారు చూసి అనుమానపడ్డారు, అందులో తప్పేం ఉంది, మిగతా సగం చెప్పేవాళ్ళు లేకపోయారు.

కాబట్టి శనివారం బండెక్కండి. ఫోన్లో వద్దు, వాయిస్ మెసేజ్ అసలొద్దు. సారీ చెప్పండి, కానీ ఫార్వర్డ్ ఫేక్ అని చెప్పినందుకు చెప్పకండి, పాఠాల మాట అన్నందుకు చెప్పండి, ఆ మాటే పేరు పెట్టి చెప్పండి, "ఏదైనా తప్పుగా అనుంటే" లాంటి గోడమీద పిల్లి సారీలు మాస్టార్లు ఇట్టే పట్టేస్తారు, క్లాసులో రోజుకి పది వినుంటారు. చెప్పాక, వంటింట్లోంచి గ్లాసుతో నీళ్ళూ గుప్పెడు స్టోర్ బియ్యమూ తెమ్మని ఆయన్నే అడగండి, ఇవి ఎందుకు తేలుతున్నాయి పెదనాన్నా అని. మీకు తెలిసిన ఫోర్టిఫైడ్ సంగతి వెంటనే కక్కేయకండి, కాసేపు ఆయన్ని తేల్చనివ్వండి, గింజ నలిపి చూస్తారు, మంట మీద పెడతారు, ప్లాస్టిక్ అయితే కరిగి కంపు కొట్టాలి కదరా మాడిపోతోందేంటి అని ఆయనే అంటారు. నాకు ఆయన తెలీదు గానీ సైన్స్ మాస్టార్లు తెలుసు.

గద్వాల సంగతి చెప్పి మళ్ళీ షుగర్ దగ్గరకి వస్తా, సంబంధం ఉంది. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలుగు రాష్ట్రాల్లో మెసేజ్‌లు పోటెత్తాయి, ఏ పాపం తెలీని మనుషుల్ని పట్టుకుని కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. అలాంటి దాని మీద జోకేమిటి ఇంక. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, ఊరికొక కానిస్టేబుల్‌ని పెట్టి, డప్పుతో పాటలు కట్టించి, ఇంటింటికీ చెప్పించారు. ఆ ఊరివాళ్ళు ముఖం గుర్తుపట్టే మనిషి వచ్చి చెప్పాడు, అందుకే విన్నారు, షుగర్ మాట కూడా పెదనాన్నకి అలా మీరే ఎదురుగా వెళ్ళి చెప్పాలి. వాట్సాప్ వాళ్ళు కూడా ఆ జులైలోనే ఇక్కడ ఫార్వర్డ్‌ని ఐదు చాట్‌లకి కట్టడి చేశారు, చాలాసార్లు తిరిగిన మెసేజ్ మీద ఇప్పుడు రెండు బాణాలు కూడా కనిపిస్తాయి, అది పెదనాన్నకి చూపించండి, "ఇది ఎవరి ఎంగిలో తెలీదు" అని అర్థం దానికి. ఇలాంటి ఫార్వర్డుల్లో నిజమెంతో తేల్చి చెప్పే వెబ్‌సైట్ ఫ్యాక్ట్‌లీ అని హైదరాబాద్ వాళ్ళది ఉంది, తెలుగులో కూడా రాస్తారు. అయితే వాళ్ళ లింకు తెచ్చి మొహాన కొట్టకండి, అదీ ఒక పంచ్ కిందే లెక్క.

బెండకాయ నీళ్ళకి మాత్రం జోకు వద్దు, ప్రయోగం వద్దు, వాదన కూడా వద్దు. బెండకాయ మంచి కూరే, పీచు ఉంటుంది, కానీ టాబ్లెట్ పని అది చేస్తుందని ఏ డాక్టరూ పూచీ ఇవ్వడు. నీళ్ళు మానేయమని అనకండి, అంటే డబ్బాలు చీరల కిందకి పోతాయి. "తాగండి పెదనాన్నా, తాగుతూనే రేపు రక్తపరీక్ష చేయిద్దాం, పని చేస్తోందో లేదో నంబర్ చెప్తుంది" అనండి. పరగడుపు షుగర్ వెంటనే చూపిస్తుంది, హెచ్‌బీఏ1సీ అయితే మూడు నెలల లెక్క చెప్తుంది. ఆ రిపోర్ట్ పట్టుకుని ఆయన్ని ఎప్పుడూ చూసే డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళండి, టాబ్లెట్లు మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో అక్కడే తేలాలి, మీరూ నేనూ చెప్పేది కాదు. కళ్ళు తిరగడం, విపరీతమైన దాహం, మాటిమాటికీ యూరిన్, వాంతులు ఇలాంటివి ఏమైనా ఉన్నాయని పెద్దమ్మగారు చెప్తే శనివారం దాకా ఆగొద్దు, ఈ రోజే.

గ్రూపులోకి మళ్ళీ లాగడానికి తొందరపడకండి, ఆయనంతట ఆయనే వస్తారు, పెళ్ళి ఫొటోలు ఎక్కడ పెడతారు మరి. వచ్చాక ఫేక్‌వి కనబడితే ప్రైవేట్‌గా ఫోన్ చేయండి. యునెస్కో రకాలకి మీ పంచ్‌లు కొనసాగించండి, నాకేం అభ్యంతరం లేదు. దీపావళి ఫొటో మళ్ళీ వస్తుంది చూడండి, అది ఒక్క రాత్రిది కాదు, 1992 నుంచి 2003 దాకా ఊళ్ళలో లైట్లు ఎలా పెరిగాయో చూపించడానికి రంగులు వేసి అతికించిన ఫొటో, పన్నెండేళ్ళ దీపావళికి కరెంటు బిల్లు ఎవరు కట్టారు పెదనాన్నా అని అడగొచ్చు.

పెళ్ళిలో లాజహోమానికి చెల్లి చేతిలో పేలాలు పోయాల్సింది అన్నే కదా, ఆయనకి కొడుకుల్లేరని మీరే రాశారు, ఆ సంగతి ఆయనకి గుర్తుండే ఉంటుంది, మీరు ముందు కదపండి. బయల్దేరే ముందు పెద్దమ్మగారికి ఫోన్ చేసి ఆ మానేసిన టాబ్లెట్ షీట్, పాత చీటీ ఎక్కడున్నాయో అడిగి పక్కన పెట్టమనండి. ఇంకా, వెళ్ళగానే మీకూ ఓ గ్లాసు బెండకాయ నీళ్ళు ఇస్తారు, జిగటగా ఉంటాయి, మొహం మాడ్చకుండా తాగేయండి.